తొలి గంటలో నర్సు బాధ్యత: క్యాన్సర్ అత్యవసర స్థితులు, సెప్సిస్, హెచ్‌ఐవీ సంక్లిష్టతలు – వేములవాడ ప్రాంత నేపథ్యం

వ్యాససంగ్రహం: వ్యాధినిరోధక శక్తి క్షీణించిన రోగిలో ప్రమాద లక్షణాలు అస్పష్టంగా ఉంటాయి. పెద్ద ఆసుపత్రులకు దూరంగా ఉన్న ప్రాంతాల్లో వాటిని గుర్తించవలసిన నర్సు పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: నర్సింగ్, కీమోథెరపీ, సెప్సిస్, హెచ్‌ఐవీ, వేములవాడ.

1. ప్రవేశిక

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ హైదరాబాదుకు సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉంది. ప్రభుత్వ రంగంలోని ప్రధాన క్యాన్సర్ వైద్యకేంద్రమైన ఎం.ఎన్.జె. ఆసుపత్రి హైదరాబాదులో ఉంది. కీమోథెరపీ నగరంలో జరిగినా, దాని దుష్ఫలితాలు తరచుగా రోగి ఇల్లు చేరిన తర్వాతే బయటపడతాయి. అనేక కీమో మందుల విషయంలో 7 నుంచి 14 రోజుల మధ్య తెల్ల రక్తకణాలు కనిష్ఠస్థాయికి పడిపోతాయి. ఆ రోజుల్లో జ్వరం వస్తే వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల రోగికి అందుబాటులో ఉండేది సమీప ఆసుపత్రే.

2. క్యాన్సర్ అత్యవసర స్థితులు

చీము ఏర్పడడానికి న్యూట్రోఫిల్ కణాలు అవసరం. అవి లేనప్పుడు ఇన్ఫెక్షన్ ఉన్నా చీము, వాపు అంతగా కనిపించవు. జ్వరం ఒక్కటే సూచన కావచ్చు. ఒకసారి 101 డిగ్రీల ఫారెన్‌హీట్, లేదా గంటసేపు 100.4 డిగ్రీలు నమోదైతే అత్యవసర స్థితిగా పరిగణించాలి. ఇంట్లో వేసుకున్న పారాసిటమాల్ ఈ సూచనను కప్పిపుచ్చవచ్చు. ఇటువంటి రోగికి మలద్వారం ద్వారా ఉష్ణోగ్రత చూడరాదు.

వెన్నునొప్పితో పాటు కాళ్లలో బలహీనత, మూత్రం నిలిచిపోవడం కనిపిస్తే కణితి వెన్నుపామును నొక్కుతున్నదని అనుమానించాలి. నడక పూర్తిగా పోకముందే చికిత్స అందితేనే అది నిలిచే అవకాశం ఎక్కువ. ముఖం, మెడ ఉబ్బి ఆయాసపడే రోగిని పడుకోబెట్టక, తల ఎత్తుగా ఉంచి కూర్చోబెట్టాలి.

3. సెప్సిస్

ఇన్ఫెక్షన్‌కు శరీరం అదుపుతప్పి ప్రతిస్పందించి, అవయవాలు దెబ్బతినే ప్రాణాంతక స్థితిని సెప్సిస్ అంటారని 2016 నాటి అంతర్జాతీయ నిర్వచనం. శ్వాసవేగం పెరగడం, రక్తపోటు పడిపోవడం, అయోమయం, మూత్రం తగ్గడం ముఖ్య లక్షణాలు. రోగి షాక్‌లో ఉన్నా, సెప్సిస్ అవకాశం బలంగా ఉన్నా గంటలోపే యాంటీబయాటిక్ ఇవ్వాలని 2021 అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. కల్చర్ కోసం రక్తం ముందుగా తీయడం మంచిదే. అయితే దానికోసం మందు ఆలస్యం కారాదు. రోగిని పెద్ద ఆసుపత్రికి తరలించవలసి వచ్చినా, వైద్యుని ఆదేశంతో మొదటి మోతాదు ఇచ్చి పంపడమే శ్రేయస్కరం.

4. హెచ్‌ఐవీ సంక్లిష్టతలు

సీడీ4 కణాలు 200 కంటే తగ్గిన వయోజనుల్లో క్షయ, న్యుమోసిస్టిస్ న్యుమోనియా, క్రిప్టోకోకల్ మెనింజైటిస్ ప్రమాదం పెరుగుతుంది. విడువని తలనొప్పిని మామూలు నొప్పిగా కొట్టిపారేయరాదు. ఏఆర్‌టీ ప్రారంభించిన తొలి వారాల్లో, కోలుకుంటున్న రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా స్పందించడం వల్ల లక్షణాలు ముదరవచ్చు. దీనిని మందు విఫలమైనట్లు భావించి రోగి మానివేయకుండా నర్సు నచ్చజెప్పాలి.

అందరూ అందరికీ తెలిసిన చిన్న పట్టణంలో గోప్యత చికిత్సలో భాగమే. వ్యాధి వివరం బయటపడుతుందన్న భయం రోగిని ఆసుపత్రికి దూరం చేస్తుంది. 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఈ గోప్యతకు రక్షణ కల్పించింది. మంచం వద్ద హెచ్‌ఐవీ గుర్తులు పెట్టనవసరం లేదు. రోగులందరి విషయంలోనూ ఒకే విధమైన జాగ్రత్తలు పాటించాలి. సూది గుచ్చుకున్న సిబ్బందికి వీలైనంత త్వరగా, 72 గంటలలోపు నివారణ మందులు మొదలుపెట్టి 28 రోజులు కొనసాగించాలి.

5. ముగింపు

ఈ మూడు స్థితుల్లోనూ ప్రయోగశాల ఫలితం కంటే ముందే అనుమానం కలగాలి. జ్వరంతో వచ్చిన ప్రతి రోగినీ “ఇటీవల కీమో తీసుకున్నారా?” అని అడగడం, శ్వాసవేగాన్ని అంచనాగా రాయక నిమిషంపాటు లెక్కించడం ఖర్చులేని పనులు. నర్సింగ్ బోధనలో వీటిని విడివిడి పాఠాలుగా గాక, తొలి గంట కర్తవ్యాలుగా కలిపి నేర్పితే దూరప్రాంత రోగులకు మేలు జరుగుతుంది.