ఈ క్యాసెట్ ఏ ఊరిది మామా?

మీ ఫోన్ గ్యాలరీలో కాస్త వెనక్కి వెళ్లండి. పోయినేడు జాతరలోనో, ఊళ్లో నాటకం ఆడినప్పుడో తీసిన వీడియో ఒకటి కచ్చితంగా ఉంటుంది. అందులో పాడుతున్నది ఎవరు? ఏ ఊరి ట్రూపు? ఆ రోజు తేదీ ఎంత? మూడింటికీ టకటకా జవాబు చెప్పేస్తే మీకో దండం. చెప్పలేకపోతే ఇది మీరు చదవాల్సిందే.

నాది మదనపల్లె దగ్గర గుర్రంకొండ. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాకు మూడు పిచ్చులున్నాయి: పాతకాలం రాక్ సంగీతం, లైవ్ రికార్డింగులు, బేస్‌బాల్. “టమాటా మండీ పక్కన పెరిగినోడికి బేస్‌బాల్ ఏందిరా?” అని ఫ్రెండ్స్ నవ్వుతుంటారు. నవ్వనీండి. ఈ మూడింటినీ ఇష్టపడేవాళ్లలో ఒక మంచి అలవాటు చూశాను. విన్నదాన్నీ చూసినదాన్నీ తేదీతో సహా రాసిపెట్టుకుంటారు. మన ఊళ్లకి ఆ అలవాటు ఎంత అవసరమో మా మేనమామ అట్టపెట్టె తెరిచాక నాకు అర్థమైంది.

నాలుగున్నర నిమిషాల పాట... ఇరవై నిమిషాలు!

ఇంజినీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ అన్న నా చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించి డీప్ పర్పుల్ వాళ్ల ‘మేడ్ ఇన్ జపాన్’ వినిపించాడు. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలో చేసిన కచేరీల రికార్డింగ్ అది. అందులో ‘స్పేస్ ట్రకిన్’ అనే పాట ఉంది. స్టూడియోలో పాడినప్పుడు అది నాలుగున్నర నిమిషాలు. జపాన్ స్టేజీ మీద దాదాపు 20 నిమిషాలు! పాట అదే, పాడేవాళ్లూ వాళ్లే. ఆ రాత్రి జనం ఊపుని బట్టి సాగదీసుకుంటూ పోయారంతే.

వింటుంటే నాకు టక్కున గుర్తొచ్చింది మా ఊరి నాటకమే. పద్యం నాలుగు పాదాలే కదా! హరిశ్చంద్రుడి వేషం కట్టినాయన రాగం ఎత్తుకుంటే, హార్మోనియం ఆయన వెంట పడితే, ముందు వరసలో తాతలు తలలూపితే ఆ నాలుగు పాదాలూ ఎంతసేపైనా సాగుతాయి. మధ్యలో ఎవరో “వన్స్‌మోర్” అని అరుస్తారు. మళ్లీ మొదటికి! చచ్చిపడి ఉన్న లోహితాస్యుడు కూడా ఇంకో పది నిమిషాలు అట్టే పడుకోవాల్సిందే.

మనవాళ్లకి ఇదేం కొత్త కాదు. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి, ఈలపాట రఘురామయ్య లాంటివాళ్ల పద్యాల కోసం జనం మైళ్లకి మైళ్లు బండ్లు కట్టుకుని పోయేవాళ్లు. మా చిత్తూరు వైపైతే భారతం ఉత్సవాల్లో పగలు హరికథ, రాత్రంతా నాటకం. ఒక రాత్రి పాడినట్టు ఇంకో రాత్రి పాడరు. ఏ రాత్రి పాట ఆ రాత్రిదే.

అట్టపెట్టెలో అరవై మూడు

మా మేనమామకి ఇప్పుడు అరవై దాటాయి. వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఎక్కడ నాటకం ఆడినా సైకిలెక్కి పోయేవాడు. వాయల్పాడు, కలికిరి, తరిగొండ, పీలేరు... చేతిలో టేప్‌రికార్డర్, సంచిలో బ్యాటరీలు. మైక్‌సెట్ ఆయనకి ఒక టీ తాగించి, లౌడ్‌స్పీకర్‌కి దగ్గర్లో టేపు పెట్టుకునేవాడు.

తొంభై నిమిషాల క్యాసెట్ అంటే ఒక వైపు నలభై ఐదు నిమిషాలే. నాటకమేమో రాత్రి పదికి మొదలై కోడి కూసేదాకా సాగుతుంది. ఒక్క నాటకానికి ఐదు క్యాసెట్లు కావాలి. ఎప్పుడు తిప్పాలో చూసుకుంటూ మామ నిద్ర కాసేవాడు. ఆ తిప్పే పది సెకన్లలోనే మంచి పద్యం ఒకటి పోయేది!

పోయిన సంక్రాంతికి ఆ అట్టపెట్టె దించాం. 63 క్యాసెట్లు. వాటి మీద రాసిన పేర్లు చదివి నాకు నవ్వాగలేదు. “హరిశ్చంద్ర – మంచిది.” “రాయబారం – 2.” “ఇది చెరపొద్దు.” ఒక దాని మీదైతే ఉత్తగా “బాగుంది” అని ఉంది.

“ఇది ఏ ఊరిది మామా?”

“యా ఊరో గుర్తులేదు అల్లుడా. గొంతు యినిపించు, చెప్తా.”

వినిపించాను. కొన్ని చెప్పాడు. కొన్నింటికి కళ్లు మూసుకుని చాలాసేపు విని, తల అడ్డంగా ఊపాడు. ఆ గొంతుల్ని గుర్తుపట్టేవాళ్లు మా చుట్టుపక్కల ఇంకో ముగ్గురో నలుగురో ఉంటారేమో. అందరూ డెబ్బై దాటినవాళ్లే. అప్పుడు భయమేసింది నాకు. క్యాసెట్ పాడైపోయేలోపే, అందులో పాడిందెవరో చెప్పగలిగే మనుషులు పోతారు.

ఆధారం దొరికింది చదివింపుల్లో

ఇక సాఫ్ట్‌వేర్ బుర్ర వాడాల్సిందే అనుకున్నా. ఒక క్యాసెట్ మూడుసార్లు విన్నాక అర్థమైంది, లేబుల్ లోపలే ఉందని! పద్యం అయిపోగానే చదివింపులు వస్తాయి కదా. “ఫలానా ఊరి వాస్తవ్యులు ఫలానావారు హరిశ్చంద్ర పాత్రధారికి నూట పదహార్లు” అని మైకులో చెప్తారు. అన్ని ఊళ్ల పేర్లూ ఒక పేపరు మీద రాసి, ఏ ఊరు ఎక్కువసార్లు వస్తోందో చూస్తే నాటకం ఎక్కడ ఆడిందో తేలిపోయింది.

మరి సంవత్సరం? ఇంకో క్యాసెట్లో నాటకం మొదలవకముందు, దూరంగా టీ కొట్టు రేడియోలో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ పాట వినిపిస్తోంది. ఆ సినిమా వచ్చింది 1990 మేలో. కాబట్టి ఈ నాటకం 1990కి ముందుది కాదు. ఇలా 63లో 22 క్యాసెట్లకి ఊరో, సంవత్సరమో ఏదో ఒకటి దొరికింది.

ఒక్కటి గమనించండి. స్టూడియోలో నీటుగా రికార్డు చేసి ఉంటే చదివింపులూ ఉండవు, టీ కొట్టు రేడియో కూడా ఉండదు. మనం ‘డిస్టర్బెన్స్’ అని విసుక్కునేదే అక్కడ ఆధారమైంది.

అమ్మకూడదు... మార్చుకోవాలి

ఈ పనిలో ప్రపంచానికే గురువులు అమెరికాలో ఉన్నారు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే కాలిఫోర్నియా రాక్ బ్యాండ్ 1965 నుంచి 1995 దాకా దాదాపు 2,300 కచేరీలు చేసింది. ఏ రాత్రి ఏ పాట ఎలా పాడతారో ఎవరికీ తెలీదు. అందుకే అభిమానులు టేప్‌రికార్డర్లు పట్టుకుని వచ్చేవాళ్లు. బ్యాండ్ వాళ్లు తరిమేయలేదు సరికదా, 1984 నుంచి రికార్డు చేసేవాళ్లకి హాల్లో ప్రత్యేకంగా చోటే కేటాయించారు. రూల్ ఒక్కటే, డబ్బుకి అమ్మకూడదు. ఒకరికొకరు మార్చుకోవచ్చు.

మార్చుకోవాలంటే లేబుల్ కావాలి కదా! తేదీ, ఊరు, హాలు, పాటల వరస, ఏ మైకు వాడారు... అన్నీ రాసేవాళ్లు. అందుకే ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ బ్యాండ్ రికార్డింగులు వేలకొద్దీ తేదీలవారీగా దొరుకుతాయి. అభిమానులు ‘5-8-77’ అంటే చాలు, 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీలో జరిగిన కచేరీ అని అందరికీ తెలిసిపోతుంది. దాన్ని టేపు చేసిన సౌండ్ ఇంజినీర్ బెట్టీ కాంటర్-జాక్సన్. ఆమె రీళ్లు చాలావరకు ఒక గోడౌన్‌లో ఉండిపోయాయి. అద్దె బాకీ పడటంతో 1986లో వేలానికి వచ్చాయి. కొనుక్కున్నవాళ్లు వాటిని కాపాడారు. ఆ కార్నెల్ కచేరీని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2012లో జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది.

వేలం దాకా వెళ్లిన రీళ్లకే అంత గౌరవం దక్కింది. మన అట్టపెట్టెలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయి కదా!

బేస్‌బాల్ ఎందుకంటే...

మా క్లయింట్ టీమ్‌లో ఒక అమెరికన్ పెద్దాయన ఉన్నాడు. బేస్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తే పెన్సిల్, స్కోర్ కార్డు పట్టుకుని కూర్చుంటాడు. అక్కడ వేసవిలో రాత్రి 7 గంటల మ్యాచ్ అంటే మనకి తెల్లారుజామున నాలుగున్నర, మా అవ్వ పాలు పితకడానికి లేచే టైము. ఆయన నేర్పిన పద్ధతిలో నేనూ యాప్‌లో చూస్తూ కార్డు నింపుతుంటా. ప్రతి ఫీల్డర్‌కీ 1 నుంచి 9 దాకా ఒక నంబరు. 6-4-3 అని రాస్తే చాలు, బంతి ఎవరి చేతిలోంచి ఎవరికి పోయి ఔటయ్యారో ఏళ్ల తర్వాత కూడా తెలుస్తుంది. ఈ స్కోరింగ్ పద్ధతికి రూపం ఇచ్చిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, మొదట క్రికెట్ వార్తలు రాసిన విలేకరి. అంటే మనకి దూరపు చుట్టమే అన్నమాట!

1989లో మొదలైన రెట్రోషీట్ అనే సంస్థలో వాలంటీర్లు ఇలాంటి పాత స్కోర్ కార్డులన్నీ సేకరించి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ఎప్పుడో చూసిన ఆటని ఒక అభిమాని పెన్సిల్‌తో రాసిపెట్టుకుంటే అది చరిత్రకి పనికొచ్చింది.

రాక్, టేపు, బేస్‌బాల్ మూడూ కలిసిన రాత్రి కూడా ఒకటుంది. 1966 ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలోని క్యాండిల్‌స్టిక్ పార్క్ అనే బేస్‌బాల్ గ్రౌండ్‌లో బీటిల్స్ కచేరీ. టికెట్లు పెట్టి వాళ్లు చేసిన ఆఖరి కచేరీ అదే. పాల్ మెకార్ట్‌నీ అడిగితే వాళ్ల ప్రెస్ ఆఫీసర్ టోనీ బారో చిన్న క్యాసెట్ రికార్డర్‌లో దాన్ని టేపు చేశాడు. ఆఖరి పాట మధ్యలో క్యాసెట్ అయిపోయింది! ఈ సంగతి చెప్తే మా మామ పడీపడీ నవ్వాడు. “ఆయప్పకీ అదే గతినా!”

ఆడియో లేదు, అయినా మిగిలింది

ఇప్పుడు మా మదనపల్లె సంగతి. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడి థియోసాఫికల్ కాలేజీకి వచ్చారు. ఇప్పుడు మేం బీటీ కాలేజీ అంటాం. ‘జనగణమన’ పాడి వినిపించి, ఇక్కడే ఇంగ్లిష్‌లోకి అనువదించారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ పాశ్చాత్య సంగీతం తెలిసిన మనిషి. ఆ బాణీకి ఆమె స్వరాలు రాసిపెట్టారు.

ఆయన గొంతు ఆ రోజు ఎవరూ రికార్డు చేయలేదు. అయినా వందేళ్లు దాటాక కూడా మా ఊరు గర్వంగా చెప్పుకుంటోంది. ఎందుకు? కాగితం మీద ‘1919 ఫిబ్రవరి 28’ అని తేదీ ఉంది, స్వరాలున్నాయి, పేర్లున్నాయి. మామ అట్టపెట్టెది సరిగ్గా దీనికి రివర్స్. గొంతులన్నీ ఉన్నాయి, తేదీలూ పేర్లూ లేవు.

మరి మనమేం చేయాలి?

ఇప్పుడు ప్రతి జేబులో ఫోన్ ఉంది. ఏ జాతరకెళ్లినా వంద మంది తీస్తుంటారు. అయినా మామ కాలం కంటే మనం గొప్పగా ఏం లేం. ఎలాగంటారా? వాట్సాప్‌లో మీకొచ్చిన వీడియో ఫైల్ పేరులో తేదీ ఉంటుంది చూడండి. అది వాట్సాప్‌లో చేతులు మారిన రోజు. నాటకం జరిగిన రోజు కాకపోవచ్చు. పైగా క్వాలిటీ కూడా తగ్గిపోతుంది. అందుకే పంపేటప్పుడు ‘డాక్యుమెంట్’గా పంపండి. ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది.

రికార్డింగ్ మొదలుపెట్టగానే మీ గొంతుతోనే తేదీ, ఊరు, నాటకం పేరు, పాడేవాళ్ల పేర్లు చెప్పేయండి. పదిహేను సెకన్లు చాలు. కాగితం ఊడిపోతుంది, ఫైల్ పేరు మారిపోతుంది, ఈ మాట మాత్రం పాటతోనే ఉంటుంది. ఫైల్ పేరులో ముందు సంవత్సరం, తర్వాత నెల, తేదీ, ఊరు అని పెట్టుకుంటే ఫోల్డర్లో వాటంతటవే వరసలో ఉంటాయి. పద్యం అయిపోగానే ఆపేయకండి, చప్పట్లూ చదివింపులూ రానీండి. నెట్‌లో పెట్టేముందు కళాకారుల్ని అడగండి.

ఇంట్లో పాత క్యాసెట్లుంటే ముందు రీలు చూడండి. తెల్లగా బూజు పట్టి ఉంటే ప్లేయర్‌లో వేయొద్దు, తెలిసినవాళ్లకి చూపించండి. బాగుంటే ప్లేయర్ హెడ్‌ఫోన్ పిన్ నుంచి కంప్యూటర్ ఆడియో ఇన్‌పుట్‌కి ఒక కేబుల్, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చాలు. తొంభై నిమిషాల క్యాసెట్‌కి తొంభై నిమిషాలూ పడుతుంది, షార్ట్‌కట్ లేదు. వేవ్ ఫైల్‌గా సేవ్ చేస్తే సుమారు 900 ఎంబీ. ఆ తొంభై నిమిషాలూ ఇంట్లో పెద్దాయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. వింటూ ఆయన చెప్పేవన్నీ ఫోన్లో రికార్డు చేయండి. అసలు లేబుల్ అదే.

“ఇది చెరపొద్దు” అని మామ రాసుకున్న క్యాసెట్లో హరిశ్చంద్ర కాటి సీను ఉంది. ఊరు దొరికింది. హరిశ్చంద్రుడు ఎవరో దొరికాడు. ఆయనకి పదకొండు చదివింపులు వచ్చాయి, ప్రతిసారీ మైకులో ఆయన పేరు చెప్పారు. చంద్రమతి పాడిన ఆమెకి రెండే వచ్చాయి. రెండుసార్లూ ‘చంద్రమతి పాత్రధారిణికి’ అన్నారంతే. ఆమె గొంతు విని మా అవ్వ వంటింట్లోంచి లేచి వచ్చింది, కళ్లు తుడుచుకుంది. పేరు మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలీదు. వచ్చే ఆదివారం ఆ ఊరెళ్తున్నాం, నేనూ మామా. అక్కడ హార్మోనియం వాయించిన తాత ఒకాయన ఇంకా ఉన్నాడట.