డ్రమ్మర్ మంచోడే... మరి మీ బ్యాండ్‌కి సెట్ అవుతాడా?

గిటారిస్టు రెడీ. సింగర్ రెడీ. హాస్టల్లో ఒకణ్ని బతిమాలి బేస్ గిటార్‌కి ఒప్పించారు. డ్రమ్స్ నేర్చుకున్న ఫ్రెండ్ ఎలాగూ ఉన్నాడు. తలా కొంత వేసుకుని గంట లెక్కన జామ్ రూమ్ తీసుకున్నారు. పాట మొదలైంది. నిమిషం తిరిగేసరికి ఒకరు ముందు, ఒకరు వెనక. ‘రేయ్, నువ్వు స్పీడ్ పెంచేస్తున్నావ్’ అని ఒకడు. ‘అసలు నా బీట్ వింటే కదా నువ్వు’ అని ఇంకొకడు. రెండు వారాలకి వాట్సాప్ గ్రూపు సైలెంట్!

ఇలాంటప్పుడు నేరం ఎక్కువగా డ్రమ్మర్ మీదికే పోతుంది. కానీ చాలాసార్లు సమస్య అతనికి వాయించడం రాకపోవడం కాదు. అతని చేతికి అలవాటైన స్టైల్ ఒకటి, మీ పాటలు అడిగే స్టైల్ ఇంకొకటి. రాక్ అంటే ఒకే రకం బీట్ కాదు మరి. అందుకే బ్యాండ్‌కి పేరు పెట్టేముందు ఈ తేడాలు అందరూ తెలుసుకోవాలి. డ్రమ్మర్ ఒక్కడే కాదు, అందరూ.

మేనేజరే డ్రమ్మరయ్యాడు

1974లో న్యూయార్క్‌లో ‘రామోన్స్’ మొదలైనప్పుడు డ్రమ్స్ మీద ఉన్నది జోయీ. తర్వాత అతను పాడటానికి ముందుకొచ్చాడు. కొత్త డ్రమ్మర్ కోసం ఆడిషన్లు పెట్టారు. వచ్చినవాళ్లెవరికీ ఆ పాటలకి కావాల్సిన సూటి బీట్ కుదర్లేదు. చివరికి బ్యాండ్ వ్యవహారాలు చూసుకుంటున్న టామీయే వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాడు. హంగుల్లేవు, విన్యాసాల్లేవు. వేగంగా, నిటారుగా కొట్టుకుంటూ పోవడమే. 1976లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్‌లో 14 పాటలు కలిపి అరగంట కూడా లేవు. పంక్ రాక్‌కి దారి చూపిన ఆల్బమ్ అది. వాళ్లకి కావాల్సింది ఊళ్లోకెల్లా గొప్ప డ్రమ్మర్ కాదు, వాళ్ల పాటకి సరిపోయే డ్రమ్మర్.

ముందు బేసిక్ ఇదీ

ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి. కాలితో కొట్టే పెద్ద కిక్ డ్రమ్ సాధారణంగా 1, 3 దగ్గర పడుతుంది. ‘ఠప్’మనే స్నేర్ 2, 4 దగ్గర. దీన్నే బ్యాక్‌బీట్ అంటారు. వీటి మధ్య హై-హ్యాట్ అనే జంట తాళాలు టిక్ టిక్‌మంటూ ఉంటాయి. ఎక్కడ బలం వెయ్యాలి, ఎక్కడ ఖాళీ వదలాలి అన్నదాంట్లోనే స్టైల్ ఉంటుంది.

సూటిగా: ఏసీ/డీసీ బ్యాండ్‌లో ఫిల్ రడ్‌ని వినండి. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’లో బీట్ చిన్నపిల్లాడైనా లెక్కపెట్టగలిగినంత సింపుల్. కానీ పాటంతా ఇంచు కూడా కదలకుండా అలా పట్టి ఉంచడం ఎంత కష్టమో వాయిస్తేనే తెలుస్తుంది. కొత్త బ్యాండ్‌కి ఇంతకన్నా మంచి మొదటి పాఠం లేదు.

బరువుగా: లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ దారి వేరు. 1971లో వచ్చిన ‘వెన్ ద లెవీ బ్రేక్స్’ కోసం ఇంగ్లండ్‌లోని ఓ పాత భవంతిలో మెట్ల కింద డ్రమ్స్ పెట్టి, మైకులు పైనుంచి వేలాడదీశారు. నెమ్మదిగా పడే ఆ దెబ్బల మధ్య గోడల ప్రతిధ్వని కూడా వినిపిస్తుంది. ఇలాంటి డ్రమ్మర్ ఉంటే గిటారిస్టు ఆ ఖాళీలన్నీ నింపేయకూడదు. నింపితే బరువంతా పోతుంది.

ఉప్పెనలా: ‘ద హూ’ బ్యాండ్‌లో కీత్ మూన్ ఒక్కచోట కుదురుగా ఉండడు. టామ్స్, సింబల్స్ మీద చేతులు దొర్లుతూనే ఉంటాయి. మరి పాట చెదిరిపోదా? పీట్ టౌన్‌షెండ్ గిటార్ తాళం పట్టి ఉంచేది కాబట్టి చెదరలేదు. మీ ఫ్రెండ్‌దీ ఇదే స్టైల్ అయితే, టైమ్ పట్టి ఉంచే పని ఇంకొకరు తీసుకోవాల్సిందే.

లెక్కగా: కెనడా బ్యాండ్ ‘రష్’లో నీల్ పియర్ట్ లెక్కల మనిషి. 1981 నాటి ‘టామ్ సాయర్’లో మధ్యలో వచ్చే వాద్య భాగం ఏడు లెక్కలో నడుస్తుంది. మనకిది కొత్తేం కాదు. మిశ్రచాపులో మూడు, నాలుగు కలిపి ఏడు. మృదంగం నేర్చుకున్న కజిన్ ఎవరైనా ఉంటే అడగండి, తొడ మీద తట్టి చూపిస్తారు. అయితే ఈ దారిలో లెక్క డ్రమ్మర్ ఒక్కడికి వస్తే చాలదు. బ్యాండంతా పెట్టాలి.

పిడుగులా: మెటల్‌లో రెండు కాళ్లకీ పని ఉంటుంది. స్లేయర్ బ్యాండ్ 1986 ఆల్బమ్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’లో డేవ్ లాంబార్డో కిక్ వింటే ఆ వేగం అర్థమవుతుంది. ఇది నెలల తరబడి కాళ్లకి కసరత్తు. వచ్చే నెల కాలేజ్ ఫెస్ట్ పెట్టుకుని ఇప్పుడు మొదలుపెట్టేది కాదు.

మరి మీది ఏది?

అందరూ తలా మూడు పాటలు రాసుకోండి, ‘మన బ్యాండ్ ఇలా ఉండాలి’ అనిపించేవి. గిటార్‌ని, గొంతుని పక్కనపెట్టి డ్రమ్స్ మాత్రమే వింటూ మళ్లీ ప్లే చేయండి. ఎక్కువమంది లిస్టు ఏ స్టైల్ వైపు మొగ్గిందో తేలిపోతుంది. అందులో మీ డ్రమ్మర్ ఓటు కూడా లెక్కపెట్టండి, మర్చిపోవద్దు.

తర్వాత ఒకే పాటని మూడు రకాలుగా వాయించమనండి. ఒకసారి సూటిగా, ఒకసారి సగం వేగంలో బరువుగా, ఒకసారి పంక్ స్పీడ్‌లో. ఫోన్లో రికార్డు చేసి మర్నాడు వినండి. రూమ్‌లో అదిరిపోయిందనుకున్నది మర్నాడు గోలగా అనిపించొచ్చు. చప్పగా ఉందనుకున్నదే నిలబడొచ్చు.

ఇంకో మాట. బేస్ గిటారిస్టుని డ్రమ్స్ పక్కనే నిలబెట్టండి. అతని నోటు, కిక్ డ్రమ్ ఒకేసారి పడుతున్నాయా చూడండి. ఆ ఇద్దరినే మెట్రోనోమ్ యాప్ పెట్టుకుని పావుగంట వాయించనివ్వండి. మిగతావాళ్లు ఈలోపు టీ తాగి రావచ్చు. ఇంట్లో డ్రమ్స్ పెడితే కింది ఫ్లాటువాళ్లు ఊరుకోరు కాబట్టి, రోజువారీ సాధనకి రబ్బరు ప్రాక్టీస్ ప్యాడ్ చాలు.

ఇంత చేసినా కుదరకపోతే? డ్రమ్మర్‌ని తీసేసేముందు ఒకసారి అడిగి చూడండి, ‘నీకు ఏ పాటలంటే ఇష్టం రా?’ అని. అతను చెప్పిన పాట ఒకటి వచ్చే ప్రాక్టీస్‌లో వాయించండి. ఇన్నాళ్లూ స్పీడ్ పెంచేస్తున్నాడని మీరు తిట్టిన ఫ్రెండే ఆ పాటలో మిమ్మల్నందర్నీ లాక్కెళ్లొచ్చు. అదే జరిగితే మార్చాల్సింది డ్రమ్మర్‌ని కాదు, పాటల లిస్టుని.