కాగితం ఎరుగని తివాచీ

గొర్రెల మంద కదిలిందంటే ఇల్లూ కదలాల్సిందే. గుడారం విప్పాలి, వంటసామాను మూటగట్టాలి. మరి సగం నేసిన తివాచీ..? నేలలో దిగ్గొట్టిన గుంజలు పీకి, మగ్గం కర్రలతో సహా చుట్టేసి గాడిద మీదకి ఎక్కించడమే. కొత్త మజిలీలో మళ్లీ గుంజలు పాతి, ఆపిన చోటు నుంచే నేత అందుకుంటుంది ఇల్లాలు.

ఇరాన్‌లో నైరుతి దిక్కున ఉన్న ఫార్స్ ప్రాంతంలో ఖష్కాయ్ అనే సంచార తెగవారి నేత ఇలాగే సాగుతూ వచ్చింది. చలికాలం పర్షియన్ గల్ఫ్ వైపు పల్లపు భూముల్లో, ఎండాకాలం షిరాజ్‌కు ఉత్తరాన జాగ్రోస్ కొండల్లో... ఏటా వందల కిలోమీటర్ల ప్రయాణం వాళ్లది.

పర్షియన్ తివాచీ అనగానే గీసిపెట్టినట్టుండే పూలతీగలే గుర్తొస్తాయి. అవి కాషాన్, కోమ్ లాంటి పట్టణాల పనితనం. అక్కడ గళ్లకాగితం మీద గడికో ముడి చొప్పున చిత్రకారుడు బొమ్మ గీసిస్తే నేతగాళ్లు పొల్లుపోకుండా దించుతారు. ఖష్కాయ్ గుడారాల్లో ఆ కాగితం ఉండదు. నమూనా అంతా నేసే మనిషి బుర్రలోనే. అందుకే ఒకే చేత్తో నేసినా రెండు తివాచీలు ఒక్కలా రావు. మధ్యలో పెద్ద వజ్రాకారం, చుట్టూ ఖాళీ దొరికిన చోటల్లా మేకపిల్లో పక్షో చెట్టో! సింహాలైతే మరీ తమాషా... కొన్ని అచ్చం పిల్లుల్లానే ఉంటాయి. మన చీరల మీది మామిడి పిందెలూ కనిపిస్తాయి. వాటిని వాళ్లు 'బోతే' అంటారు.

ఉన్ని కత్తిరించడం, మగ్గం చేయడం మగవాళ్ల వంతు. వడకడం, రంగులద్దడం, నేయడం ఆడవాళ్ల పని. మంజిష్ఠ జాతి మొక్క వేళ్లతో ఎరుపు, నీలిమందుతో నీలం వస్తాయి. దానిమ్మ తొక్కలు, అక్రోటు కాయల పైతోలు, చెర్రీ కాడలు, ఆఖరికి లెట్యూస్ ఆకులు కూడా రంగుల గిన్నెలోకి వెళ్తాయి. గిన్నె చిన్నది కాబట్టి ఒకసారి ఉడికించిన ఉన్ని తివాచీ మొత్తానికీ సరిపోదు. రెండోసారి వేసిన ఎరుపేమో మొదటిదానితో కలవదు. దాంతో ఒకే రంగు మధ్యలో లేతగానో ముదురుగానో చారలు కడుతుంది. దాని పేరు 'అబ్రాష్'. మగ్గం విప్పి బిగించిన ప్రతిసారీ పడుగు బిగువు మారి అంచు కూడా కాస్త వంకరపోతుంది. ఇదివరకు లోపాలనిపించినవే ఇప్పుడు చేతినేతకు గుర్తులు. యంత్రాల మీద తయారయ్యే నకళ్లలో ఆ చారల్ని పనిగట్టుకుని పెడుతున్నారు కూడా!

గబ్బే సంగతి ఇంకా విచిత్రం. తక్కువ ముడులతో, పొడుగాటి నూగుతో దళసరిగా ఉండే ఈ తివాచీని గుడారంలో పడుకోవడానికి నేసుకునేవారు. బజారులో దాన్ని పట్టించుకున్నవారే లేరు. అలాంటిది 20వ శతాబ్దం చివర్లో ఐరోపా ఇళ్లకు తెగ నచ్చేసింది. 1996లో దర్శకుడు మొహసెన్ మఖ్మల్‌బాఫ్ ఆ పేరుతోనే సినిమా తీశాడు.

ఇంత పనితనానికీ రాసిపెట్టుకున్న పాఠం లేదు. తల్లి పక్కన కూర్చుని కూతురు చూసి నేర్చుకోవాల్సిందే. 1930ల్లో రెజా షా ప్రభుత్వం సంచార తెగల్ని బలవంతంగా ఒకచోట స్థిరపరచాలని చూసింది. తర్వాత బళ్లూ ఉద్యోగాలూ వచ్చాయి, గుడారాలు తగ్గాయి. 2010లో యునెస్కో ఫార్స్ నేతను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది అమెరికా ఇరాన్ తివాచీల దిగుమతిని నిషేధించింది! 2016లో ఎత్తేసి, 2018లో మళ్లీ విధించింది. 1990ల్లో ఏడాదికి 200 కోట్ల డాలర్లు దాటిన ఇరాన్ తివాచీల ఎగుమతి ఈమధ్య 5 కోట్ల డాలర్లలోపుకు పడిపోయింది. నెలల తరబడి నేసినదానికి గిరాకీ లేకపోతే ఆడపిల్లలు మగ్గం దగ్గరికి ఎందుకొస్తారు?

నేత వదలని ఇళ్లూ ఉన్నాయి. ఊళ్లలో స్థిరపడిన అలాంటి వాళ్లలో కొందరికి షిరాజ్ వ్యాపారులే పని అప్పగిస్తారు. రంగులద్దిన ఉన్నితోపాటు, ఏం నేయాలో గీసిన నమూనా కూడా ఇంటికే వస్తోంది.