తాబేళ్ల తీరంలో కొత్తవాళ్లకు పని నేర్పడం



మన గంజాం జిల్లాలో ఋషికుల్యా నది సముద్రంలో కలిసే చోటు మీలో చాలామందికి తెలుసు. పురుణాబంధ, గోఖరకుద, పొదంపేట ఆ చుట్టుపక్కల ఊళ్లే. ఒడియావాళ్లు నోలియాలని పిలిచే మన జాలర్లు ఆ తీరమంతా ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. 1994లో డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకుడు బివాష్ పాండవ్, ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇక్కడ గుంపులుగా వచ్చి గుడ్లు పెడుతున్నాయని లోకానికి చెప్పారు. లోకానికి అది కొత్త సంగతి. ఊళ్లోవాళ్లకు కాదు.

పరిశోధనకు సాయంగా ఇసుకలో నడిచిన కుర్రాళ్లు తర్వాత ఋషికుల్యా సముద్ర తాబేళ్ల రక్షణ సమితిగా ఏర్పడ్డారు. పర్యావరణ పరిరక్షణను వృత్తిగా చేసుకోవాలనుకునే పిల్లలకు ఇంతకంటే దగ్గరి బడి ఏముంది?

ఆ బడిలో మొదటి పాఠం ఊరుకోవడం. రాత్రి తాబేలు ఒడ్డుకు వస్తే టార్చి వేయకూడదు, ఎదురు వెళ్లకూడదు. బెదిరిందా, గుడ్లు పెట్టకుండానే నీళ్లలోకి మళ్లిపోతుంది. గుంట తవ్వి గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక మాత్రం అంత తొందరగా కదలదు. అప్పుడు వెనకనుంచి చేరి, టేపుతో డిప్ప కొలిచి, ముందు రెక్కకు నంబరున్న లోహపు బిళ్ల తగిలిస్తారు. ఒక్కో గుంటలో నూరు, నూట ఇరవై గుడ్లుంటాయి. ఈ పని నల్లబల్ల మీద గీసి చూపితే రాదు. ముందు నడిచేవాడి చెయ్యి చూసి నేర్చుకోవాలి.

నంబరు తప్పు రాస్తే ఏం పోయింది అంటారేమో. 2021లో మన రాష్ట్రంలోని గహీర్‌మఠ దగ్గర బిళ్ల వేసిన తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు సముద్రపు తాబేలు పడమటి తీరానికి వెళుతుందని తెలియడానికి ఒక బిళ్ల, పుస్తకంలో ఒక వరుస సరిపోయాయి. ఆ వరుసలో ఒక్క అంకె మారితే ఆ కథే లేదు.

కొత్తవాళ్లకు అసలు కష్టం వేరే ఉంది. 2023లో ఇక్కడికి ఆరు లక్షలకు పైగా తాబేళ్లు వచ్చాయి. 2024లో గుంపు రానే లేదు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ లక్షల్లో వచ్చాయి. ఖాళీ ఏడాదిలో రాత్రంతా నడిచి, 'ఈ రోజు గుంపు లేదు' అని రాసి ఇంటికి రావాలి. కుర్రాడు పని మానేసేది అప్పుడే. ఆ రాత యెందుకు ముఖ్యమో, గుంపు రాని ఏళ్ల లెక్క లేకపోతే వచ్చిన ఏళ్ల లెక్కకు అర్థమేమిటో చెప్పి నిలబెట్టే పెద్దవాడు పక్కన ఉండాలి. శిక్షణ అంటే నా దృష్టిలో సగం ఇదే.

తల్లిదండ్రులు నన్నడిగేది ఒకటే: 'మేష్టారూ, దీంతో మావాడికి ఉద్యోగం వస్తుందా?' దాపరికం లేకుండా చెబుతాను. కాపలా పని చాలావరకు ఆ కొన్ని నెలలదే. పైగా నవంబరు 1 నుంచి మే 31 వరకు తాబేళ్ల కోసం వేట మీద ఆంక్షలుంటాయి. తండ్రి పడవ ఒడ్డున ఉంటే కొడుకు తాబేలుకు కాపలా కాయాలి. ఆ ఇంట్లో మాటామాటా రావడం వింత కాదు. పిల్లవాడిని పనిలో పెట్టుకునేవారు ముందు ఆ తండ్రితో కూర్చుని మాట్లాడాలి, అదీ తెలుగులో.

అందుకే పిల్లలకు నేను చెప్పేది: నడవండి, కాని చదువు మానకండి. ఇరవై ఏళ్లు ఇసుకలో నడిచినవాడు సహాయకుడిగానే మిగిలి, పట్టా పుచ్చుకుని నిన్న వచ్చినవాడు అధికారి కావడం నేను చూశాను. బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర విజ్ఞాన విభాగం ఉంది. గోపాల్‌పూర్‌లో జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ కేంద్రం ఉంది. ఫారెస్టు గార్డు పరీక్ష ఉంది.

ముందుగా పని ఎలా ఉంటుందో చూడాలంటే గుడ్లు పగిలే రోజులకు వెళ్లండి. గుడ్లు పెట్టిన నలభై అయిదు, యాభై రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి. ఊరి దీపాల వైపు తిరిగినవాటిని వలలు అడ్డుపెట్టి ఆపి, బకెట్లలో ఎత్తి నీళ్ల దగ్గర వదులుతారు. అక్కడ చేతులు ఎన్ని ఉన్నా చాలవు. అయితే ముందు అటవీశాఖవారినో, సమితివారినో అడిగి వెళ్లండి. టార్చిలైటు ఇంట్లోనే ఉంచండి.