కోడ్ గోల్ఫ్ భాష: అక్షరాల లెక్క, బైట్ల లెక్క

గోల్ఫ్‌లో ఎంత తక్కువ దెబ్బలతో బంతి గుంటలో పడితే ఆటగాడు అంత ముందుంటాడు. కోడ్ గోల్ఫ్‌లో దెబ్బలకు బదులు బైట్లను లెక్కిస్తారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లున్నాయి. తెరిచిన గేటుకు 1, మూసిన గేటుకు 0 వేసిన జాబితా ఇస్తే, ఎన్ని తెరిచి ఉన్నాయో చెప్పాలి. జాబితాను కూడితే చాలు. పైథాన్‌లో ఈ ప్రోగ్రామును 25 బైట్లలో రాయవచ్చు. అందులో కూడిక చేసే మాటకు మూడే బైట్లు. మిగిలినవన్నీ జాబితాను చదవడానికి, జవాబును ముద్రించడానికి, కుండలీకరణాలకు పోతాయి. కోడ్ గోల్ఫ్ కోసమే రూపొందిన జెల్లీ భాషలో ఇదే పనికి ఒక్క బైటు సరిపోతుంది. ఆ భాష ఇన్‌పుట్‌ను తనంతట తానే తీసుకుంటుంది, చివరి విలువను తానే ముద్రిస్తుంది.

అయితే ఒక బైటుకు 256 విలువలే ఉంటాయి. వాటిలో 16 విలువలను ముందుగుర్తులుగా కేటాయిస్తే 4,096 రెండు బైట్ల ఆజ్ఞలు లభిస్తాయి. ఒక బైటు ఆజ్ఞలు 240కి తగ్గుతాయి. కూడిక, క్రమంలో పేర్చడం వంటి తరచు వాడే పనులకు ఆ 240లో చోటివ్వాలి. ఒకే సమస్యకు ఒక బైటు కేటాయించి గెలవడం సులభమే. 2001 నాటి హెచ్‌క్యూ9+ అనే హాస్య భాష చేసినది అదే, కానీ దానితో పై గేట్ల లెక్క కూడా కట్టలేం.

ఆజ్ఞలకు తెలుగు అక్షరాలు వాడవచ్చా? వాడవచ్చు, కానీ యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘విజయవాడ’లో గుణింతపు గుర్తులతో కలిపి 7 సంకేతాలున్నాయి, అంటే 21 బైట్లు. ఇంగ్లీషు లిపిలో ఆ పేరుకు 10 బైట్లే. దీనికి పరిష్కారం సొంత సంకేత పట్టిక. యూనికోడ్‌లో తెలుగు విభాగానికి 128 స్థానాలు, ఆస్కీకి 128. రెండూ కలిపితే సరిగ్గా ఒక బైటు! 1991 నాటి భారతీయ ప్రమాణం ఇస్కీ కూడా ఇలాగే దిగువ సగం ఆస్కీకి, ఎగువ సగం భారతీయ లిపికి ఇచ్చింది. అందులో ‘విజయవాడ’ 7 బైట్లే. ఒక షరతు గమనించండి: మీ ఇంటర్‌ప్రెటర్ ఆ పట్టిక ప్రకారం ఫైలును నిజంగా చదవగలగాలి. కాగితం మీద మాత్రమే ఉన్న పట్టికతో బైట్లు తగ్గించి చూపితే ఆ లెక్క చెల్లదు.

స్వయం పరీక్ష: ‘కృష్ణ’ అనే మాటకు యూటీఎఫ్-8లో ఎన్ని బైట్లు? ఇస్కీలో ఎన్ని? వట్రసుడిని, ఒత్తును ఏర్పరిచే పొల్లును విడివిడిగా లెక్కించండి.

జవాబు: 15, 5.