వేసవిలో కోళ్లకు మొలకల మేత

వానకాలములో ఇంటి కోడి పచ్చిమేతను గూర్చి మనము చింతింపనక్కరలేదు. గట్ల మీది గడ్డిని, ఆకును, పురుగును అదియే ఏరుకొని తినును. చిక్కంతయు ఫాల్గుణము నుండి మొదలగును. జూరాల కాలువ నీరందు ఊళ్లను విడిచినచో, గద్వాల నడిగడ్డలో గాని, వనపర్తి, నాగర్‌కర్నూలు మెట్ట గ్రామములలో గాని తొలకరి పడువరకు పెరటిలో పచ్చని పోచ కానరాదు. అప్పుడు కోడికి దక్కునది ఇంటివారు చల్లు గుప్పెడు జొన్నలు, నూకలు మాత్రమే.

జొన్నలోను, నూకలోను పిండిపదార్థము కావలసినంత కలదు గాని, ఏ విటమిన్ ఇచ్చు పదార్థము బహు స్వల్పము. నెలల తరబడి ఈ మేతతోనే ఉన్న కోడిని గమనింపుడు. గుడ్డులోని పచ్చసొన వెలవెలబోవును. కన్నుల నీరు కారి రెప్పలు అంటుకొనును. గుడ్లు తగ్గును, పొదుగవేసిన గుడ్లలో పిల్లలు సరిగా దిగవు. నాటుకోడి అయినను, రాజేంద్రనగర్ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ కోళ్లయినను ఈ లోటు తప్పదు.

ధాన్యమును మొలకెత్తించి పెట్టుట దీనికి చౌకయైన ఉపాయము. అయితే మొలకలను గూర్చి ఒక భ్రమ కలదు. కిలో మొక్కజొన్నలు వారము దినములు పెంచినచో నాలుగైదు కిలోల మేత వచ్చును గనుక దాణా ఖర్చు తగ్గినదని కొందరు సంతోషింతురు. పెరిగిన ఆ బరువు నీటి బరువే. మొలక తన పెరుగుదలకు గింజలోని పిండినే వాడుకొనును. నీరు తీసి తూచినచో మొదటి కిలోలోని సారములో పదింట ఒక వంతు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి తరిగియుండును. కావున మొలకలు పచ్చికకు బదులే గాని దాణాకు బదులు కావు. గుడ్లు పెట్టు కోడికి రోజుకు నూరు గ్రాములకు పైగా మేత కావలెను. అది తగ్గింపక, దానిపై పాతిక గ్రాముల మొలకలు వేసినచో చాలును. పది కోళ్లకు పావుకిలో అనుకొనుడు. ఇందుకు సుమారు అరువది గ్రాముల గింజలు నానవేయవలెను.

నారుమడికి వడ్లు మండె కట్టుట మీకు క్రొత్త కాదు, ఇదియు అట్టిదే. మొక్కజొన్న, సజ్జ, వడ్లు, గోధుమ పనికివచ్చును. తాలు, విరుగుడు గింజలు ఏరివేసి, రాత్రి నానబోసి, ఉదయము నీరు వంచి తడిగుడ్డలో మూటకట్టవలెను. మరునాటికి ముక్కు పగులును. దానిని అట్లే పెట్టినను తినును గాని, చీకటిలో తెల్లగా పెరిగిన మొలకలో మనకు కావలసిన ఏ విటమిన్ సరుకు చేరదు. పచ్చదనము వెలుతురులోనే వచ్చును. అందుచే ముక్కు పగిలిన గింజలను చాటలో గాని, అడుగున చిల్లులు వేసిన రేకు పళ్లెములో గాని పరచి, వెలుతురు గల నీడలో, వీలయినచో నీళ్ల కుండల ప్రక్కన ఉంచుడు. పొర అర అంగుళమునకు మించరాదు. ఏప్రిల్, మే నెలల ఎండలకు మందపు పొర లోపల ఉడికి కుళ్లిపోవును. రోజుకు మూడు నాలుగు మారులు నీరు చల్లవలెను. ఆరేడు దినములకు జానెడు లోపు పచ్చని మొలక లేచును. రోజుకొక పళ్లెము చొప్పున ఏడు పళ్లెములు తిప్పినచో మేత తెగదు. వేళ్లు పెనవేసుకొన్న చాపను అట్లే వేయక కత్తితో తరిగి వేయుడు. పొడవు పీచు కోడి గొంతుసంచిలో చిక్కుపడును.

జొన్న మాత్రము మొలకెత్తించి పెట్టరాదు. పొడి జొన్న గింజ నిరపాయమైనది. మొలకెత్తగానే ఆ లేత మొక్కలో ధుర్రిన్ అను పదార్థము పెరుగును. అది నలిగినప్పుడు హైడ్రోసయానిక్ ఆమ్లమను కటిక విషము పుట్టును. బెట్టకు గిడసబారిన లేత జొన్నచేనిలో పడి మేసిన పశువు చూచుచుండగనే కూలిపోవుట మన పల్లెలకు తెలిసినదే. ఆ విషమే ఇది.

విత్తిన పిమ్మట సంచిలో మిగిలిన ఎర్రని, గులాబి రంగు విత్తనమును ఎంతమాత్రము వాడకుడు. ఆ రంగు మందు పట్టించినదనుటకు గుర్తు. థైరామ్ వంటి శిలీంధ్రనాశినులు కోడిపిల్లల కాళ్లను వంకర చేయును, పెట్టలచే తోలుగుడ్లు పెట్టించును. ఎన్ని నీళ్లతో కడిగినను నమ్మరాదు.

ఇక బూజు. లేత వేరు చుట్టు కనబడు తెల్లని నూగును చూచి భయపడకుడు. నీరు చల్లగానే అది అణగిపోవును. బూజు అణగదు. గింజ నుండి గింజకు సాలెగూడు వలె అల్లుకొని ముక్కవాసన వేయును. అట్టి పళ్లెమును మొత్తము పెంటకుప్పలో పూడ్చివేయుడు. పై భాగము తీసి అడుగుది పెట్టుట పొదుపు కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోగా, వానికి పెట్టిన వేరుశనగ చెక్కలోని బూజు విషమే కారణమని తేలినది. దానికే అఫ్లాటాక్సిన్ అని పేరు. వేరుశనగ పండించు మన మూడు జిల్లాలలో చెక్కను గూర్చి కూడ ఈ జాగ్రత్త అవసరమే.

మొలకలు పెట్టుచున్నామని కొక్కెర తెగులు టీకాను మానరాదు; ఆ రోగమునకు మేతతో సంబంధము లేదు.

బావి గట్టున మునగచెట్టున్నవారు ఈ శ్రమయంతయు పడనక్కరలేదు. వేసవిలోను పచ్చగా ఉండు ఆ లేత ఆకును రోజును పిడికెడు దూసి వేసినచో మొలకల పని అదియే చేయును.