తిరిగొచ్చే ఆయిల్

తొలినాటి మోటార్‌సైకిల్‌లో ఇంజిన్‌కు ఆయిల్ పట్టే బాధ్యత నడిపేవాడిదే. పెట్రోల్ ట్యాంకు పక్కనే చిన్న ఆయిల్ ట్యాంకు, దానికో చేతిపంపు. కొన్ని మైళ్లకోసారి, ఎత్తు ఎక్కేటప్పుడైతే ఇంకాస్త ముందుగానే, పంపు నొక్కాలి. లోపలికి వెళ్లిన ఆయిల్ బేరింగులనూ పిస్టన్‌నూ తడిపి, కొంత కాలిపోయేది, కొంత రోడ్డు పాలయ్యేది. నొక్కడం మరిస్తే ఇంజిన్ సీజ్ అయ్యేది. ఎక్కువ నొక్కితే వెనకంతా పొగే.

ఆ వృథాను ఆపింది మరో పంపు. పని ముగించి కిందికి జారిన ఆయిల్‌ను తోడి మళ్లీ ట్యాంకుకు చేర్చడమే దాని పని. హార్లే డేవిడ్‌సన్ 1936లో తెచ్చిన ఈఎల్ మోడల్‌తో ఆ కంపెనీ బళ్లలో ఈ పద్ధతి మొదలైంది. మద్రాసులో తయారైన పాత బుల్లెట్‌లోనూ రెండు పంపులుండేవి. తోడే పంపుకు బలం ఎక్కువ ఉండాలి. లేకపోతే క్రాంక్‌కేసు ఆయిల్‌తో నిండిపోతుంది.

మన రోడ్ల మీద ఆయిల్‌ను కాల్చేసే అలవాటు చాలాకాలం సాగింది. రాజ్‌దూత్, యెజ్దీ లాంటి టూ స్ట్రోక్ బళ్లకు పెట్రోల్‌లోనే ఆయిల్ కలిపి పోసేవారు. 1985లో వచ్చిన హీరో హోండా సీడీ 100 ఫోర్ స్ట్రోక్ బండిని ఇంటింటికీ చేర్చింది. ఇందులో ఆయిల్ ఇంజిన్ అడుగునే ఉండి, పంపుతో పైకెళ్లి, మళ్లీ కిందికి దిగుతుంది.

కాలిపోయే ఆయిల్‌కు ముసలితనం లేదు. తిరిగొచ్చే ఆయిల్‌కే ఉంది. అది వచ్చిన ప్రతిసారీ మసి, తేమ, పెట్రోల్ ఆవిరి, లోహపు రజను వెంట తెస్తుంది. కారులో గేర్లకు వేరే ఆయిల్ ఉంటుంది. చాలా బైకుల్లో ఇంజిన్‌కూ గేర్లకూ క్లచ్చుకూ కలిపి ఒక్కటే. చలికి మరీ చిక్కబడని 10డబ్ల్యూ-30 లాంటి ఆయిల్ వేడికి మరీ పలచబడకుండా ఉండేందుకు అందులో పొడవాటి పాలిమర్ గొలుసులు కలుపుతారు. గేర్ల పళ్ల మధ్య నలిగి అవి తెగిపోతాయి. ఇక కారు ఆయిల్‌లోని కొన్ని జారుడు రసాయనాలు క్లచ్ ప్లేట్ల పట్టు సడలిస్తాయి. అందుకే బైకు ఆయిల్ డబ్బా మీద ‘జాసో ఎంఏ’ గుర్తు చూడాలి. రంగు నల్లబడితే చెడిపోయిందని చాలామంది అనుకుంటారు. మసిని ఎక్కడా పేరుకోనివ్వకుండా తనలో కలుపుకుందనడానికీ ఆ నలుపే గుర్తు. పాలలా తెల్లబడితే మాత్రం నీళ్లు చేరినట్టే.

స్ప్లెండర్ బండికి ఆయిల్ మార్చే తీరు చూడండి. కాసేపు నడిపి, ఆయిల్ గోరువెచ్చగా ఉండగా కింది డ్రెయిన్ బోల్టు విప్పుతారు. వేడికి పలచబడ్డ ఆయిల్ మడ్డినీ వెంట తీసుకుపోతుంది. వాషర్ అరిగితే మార్చి, బోల్టు బిగిస్తారు. బలమంతా పెట్టి తిప్పితే అల్యూమినియం కేసులో మరలు పోతాయి. ఈ ఇంజిన్‌లో కాగితపు ఫిల్టర్ లేదు. ఒక జల్లెడ, క్రాంక్‌షాఫ్ట్ కొసన గిరగిరా తిరిగే గిన్నె ఉంటాయి. బరువైన రజను ఆ గిన్నె గోడకు కొట్టుకుని గట్టి మడ్డిగా అంటుకుంటుంది. కొన్ని సర్వీసులకోసారైనా దాన్ని విప్పి గీకించాలి.

కొత్త ఆయిల్ పోశాక కొలత చూడటానికి సమతలం మీద సెంటర్ స్టాండు వెయ్యాలి. కొద్ది నిమిషాలు ఇంజిన్ నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. డిప్‌స్టిక్ తుడిచి, మరతిప్పకుండా ఊరికే ఆనించి తీస్తే ఆయిల్ రెండు గీతల మధ్య కనిపించాలి. కింది గీతకు దిగితే పోయాలి. పై గీత దాటినా మంచిది కాదు.

తీసిన ఆయిల్‌ను మురుగుకాలువలో పొయ్యకూడదు. చట్టం లెక్కలో అది ప్రమాదకర వ్యర్థం. శుద్ధి చేస్తే మళ్లీ ఆయిల్‌గా పనికొస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి దాన్ని తిరిగి శుద్ధికి చేర్చే బాధ్యతను ప్రభుత్వం తయారీదారుల మీదే పెట్టింది. మెకానిక్ షెడ్డులో మీ పాత ఆయిల్ ఏ డ్రమ్ములోకి పోతోందో అడిగి తెలుసుకోండి.